ఆటలో అందరూ అరటిపళ్లే

పెద్దదిక్కు లేకపోతే శాంతిభద్రతలు ఎంత త్వరగా మంట కలుస్తాయో చూడాలంటే భోగి నాడు కోనసీమలో ఏదైనా కొబ్బరితోటకి వెళ్లండి. ఆడవాళ్లకి వంటింట్లోంచి తలెత్తే తీరిక ఉండదు. మగవాళ్లు ముఖ్యమైన పని మీద ఊరి చివరికి వెళ్లి ఉంటారు. తోట పిల్లల పాలన కిందకి వస్తుంది.

మొదట్లో రాజ్యాంగం పటిష్ఠంగానే ఉంది. బంతి కాలవలో పడితే అవుట్, కొట్టినవాడే దిగి తేవాలి. చెట్టుకి తగిలి వచ్చిన క్యాచ్ చెల్లదు. బ్యాటు ఎవరిదైతే మొదటి బ్యాటింగ్ వాడిదే.

మొదటి బంతికే బ్యాటు యజమాని బౌల్డయ్యాడు. వికెట్లుగా పాతిన కొబ్బరిమట్టలు మూడూ నేలకూలాయి. "ట్రయల్ బాల్!" అన్నాడు యజమాని. అంపైరు హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చిన తొమ్మిదేళ్ల తటస్థుడు. నోట్లో అరిసె మింగి, "అవును, ట్రయలే" అన్నాడు. అరిసె ఎవరింటిదో అందరికీ తెలుసు.

అవతలి జట్టు "తొండి!" అని అరిచింది. అమ్మతోడు వేయించారు. ఇరుపక్షాలూ వేశాయి. ఒకడు రెండు జంతికలకి జట్టు మారిపోయాడు. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లోనే వచ్చింది గానీ ఇంకా కొబ్బరితోటల దాకా రాలేదు. (అసెంబ్లీల దాకా వచ్చిందా అని అడక్కండి.)

అసలు పతనం అరటిపండుతో మొదలైంది. ఆటలో అరటిపండుగా ఉండే బుడతడు ఎన్నిసార్లు అవుటైనా అవుట్ కాడు. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ చెప్పేదీ ఇంచుమించు ఇదే. వాడి దర్జా చూసి ముందు ఎనిమిదేళ్లవాడు, తర్వాత పదేళ్లవాడు, ఆఖరికి నూనూగు మీసాలవాడు కూడా తామూ అరటిపళ్లమేనని ప్రకటించుకున్నారు. అంపైరుకి అందరిళ్ల నుంచీ పిండివంటలు అందుతున్నాయి కనక అందరికీ మంజూరు చేశాడు. ఇక తోటలో అవుటయ్యేవాడే లేడు. బ్యాటు చూస్తే ఒకటే. ఆ తర్వాత ఏమైందో పిల్లల మోచేతులు చెబుతాయి.

1965లో పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దేశపు కుర్రాళ్లు ఆరుగురు తుపానులో చిక్కి, మనుషుల్లేని అటా దీవికి చేరారు. దాదాపు 15 నెలలు అక్కడే ఉన్నారు. వంతులు వేసుకుని పని చేశారు, నిప్పు ఆరనివ్వలేదు, ఒకడి కాలు విరిగితే కట్టు కట్టారు. ఎవరైనా గొడవపడితే చెరో దిక్కుకీ పంపి, చల్లబడ్డాక పిలిచేవారు. నా వాదనకి ఇది అడ్డొస్తుందని కొందరు అనుకోవచ్చు. కానీ పాపం, ఆ దీవిలో వాళ్లకి చూసి నేర్చుకోడానికి ఒక్క పెద్దమనిషీ లేడు.

మన పెద్దలు బరి దగ్గర ఉన్నారు. కోళ్లకి కత్తి కట్టి వదలడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి విరుద్ధం. పందెం కాయడం 1974 నాటి గేమింగ్ చట్టానికి విరుద్ధం. అందుకే షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, పార్కింగ్ ఏర్పాట్లతో ఎంతో పద్ధతిగా జరిపిస్తారు. అక్కడ తొండి ఉండదు. ఓడినవాడు అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. చట్టం ఒక్కటి తప్ప అన్ని నిబంధనలూ పాటిస్తారు.

కాబట్టి పిల్లల మీద పెద్దల పర్యవేక్షణ సంఘం తక్షణం వేయాలి. భోగి, సంక్రాంతి, కనుమ ఎలాగూ కుదరదు. ముక్కనుమ నాడు ఓడిన కోడి కూర తిని పడుకుంటారు. ఆ తర్వాత బళ్లు తెరుస్తారు. వచ్చే జనవరికి పెట్టుకుందాం. అధ్యక్షుడిగా ఆ హైదరాబాద్ అంపైరునే ప్రతిపాదిస్తున్నాను. అప్పటికి పదేళ్లు నిండుతాయి.