రెండూ ముప్పావు సముద్రం

తెలుగు సినిమా సమీక్షలో ఒక పవిత్రమైన అంకె ఉంది. అయిదు స్టార్లకి 2.75. సినిమా బాగోలేదంటే అభిమానులు ఊరుకోరు, బాగుందంటే టికెట్టు కొన్నవాడు ఊరుకోడు. రెండున్నరకీ మూడుకీ మధ్య ఉన్న ఆ అర సందులో సమీక్షకుడు మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, బీజీఎం అదిరింది అని రాసి, చివర్లో ఒక మాట వేసి లేచిపోతాడు: 'మిగతావారు తమ పరిధి మేరకు నటించారు.'

ఈ 'మిగతావారి'లో పడి నలిగిపోతున్న ఒక సీనియర్ నటుడి గురించి విశాఖ వాసిగా మాట్లాడక తప్పడం లేదు. మేకప్ అడగరు, క్యారవాన్ అడగరు. షాట్ రెడీ అనేసరికి అక్కడే ఉంటారు, ప్యాకప్ చెప్పాక కూడా అక్కడే ఉంటారు. వారే మా సముద్రం గారు. ఇన్నేళ్లలో ఒక్క సమీక్షలోనూ వారి పేరు నటీనటుల వరసలో రాలేదు. లొకేషన్లు బాగున్నాయి అని కెమెరామన్ ఖాతాలో వేసేస్తారు.

వారి కెరీర్ ఒకసారి చూడండి. 1978లో విడుదలైన 'మరోచరిత్ర' కోసం బాలచందర్ విశాఖకీ భీమిలికీ వచ్చారు. ఆ సినిమాతో సరిత స్టార్ అయిపోయింది. కమల్ హాసన్ సంగతి చెప్పేదేముంది. సముద్రం గారికి మాత్రం 'ప్రేమికుల వెనకాల నిలబడేవారు' అన్న ముద్ర పడిపోయింది. అప్పట్నుంచీ ప్రేమ పుడితే వీరే, విడిపోతే వీరే. హీరోయిన్ చున్నీ ఎగరాలంటే గాలి వీరిదే. హీరో ఒంటరిగా రాయి మీద కూర్చుని సీసా ఎత్తితే వెనక నిట్టూర్చాల్సిందీ వీరే.

ప్రేమకథలు తగ్గాక విలన్ల పక్కన వేషాలిచ్చారు. 1933 నుంచీ మా పోర్టు పని చేస్తోంది. బొగ్గు దిగుతుంది, ఇనుప ఖనిజం ఎక్కుతుంది, ఆ దుమ్ము గాలికి వచ్చి వన్‌టౌన్‌లో ఆరేసిన బట్టల మీద వాలుతుంది. సినిమా పోర్టులో బొగ్గు అనే సరుకే ఉండదు. ఏ కంటైనర్ తలుపు తీసినా బంగారం, లేకపోతే తెల్లపొడి. అర్ధరాత్రి అన్ని లైట్ల కింద అన్ని లారీలు తిరుగుతుంటే కాపలావాడు ఎక్కడికి పోయాడని ఇంతవరకూ ఏ సమీక్షకుడూ అడగలేదు.

ఇక సూర్యాస్తమయం. మాది తూర్పు తీరం. సూర్యుడు పొద్దున్నే సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం సింహాచలం కొండల వైపు దిగిపోతాడు. సినిమాలో మాత్రం హీరో హీరోయిన్ ఆర్కే బీచ్‌లో భుజం భుజం ఆనించి, సముద్రంలో మునుగుతున్న సూర్యుణ్ణి చూసి కళ్లు చెమర్చుకుంటారు. తెల్లవారుజామున తీసిన షాట్‌ని సాయంత్రం అని నమ్మించాలంటే సముద్రం గారు ఎంత నటించాలి! నిద్రకళ్లతో 'రోజంతా అలసిపోయాను' అన్న ఎక్స్‌ప్రెషన్ ఇవ్వాలి. దీన్ని మెథడ్ యాక్టింగ్ అనకుండా, రెండే ఎక్స్‌ప్రెషన్లున్న వారసుడు ఒకసారి గడ్డం పెంచితే దాన్ని అంటున్నాం.

జగదాంబ జంక్షన్‌లో బైకెక్కిన హీరో రెండో చరణానికి అరకులో తేలతాడు. నూటపది కిలోమీటర్ల పైచిలుకు దారి, సగం ఘాట్ రోడ్డు. నేను జగదాంబ నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ దాటేసరికే పాట అయిపోయి, ఇంటర్వెల్ కూడా అయిపోతుంది.

బీచ్‌లోనే ఇంకో సీనియర్ ఉన్నారు, కురుసుర జలాంతర్గామి. 1969లో నేవీలో చేరి, 2001 వరకూ సర్వీసు చేసి, ఆ మరుసటి ఏడాది ఒడ్డుకొచ్చి మ్యూజియంగా కూర్చున్నారు. రిటైరయ్యాక చేస్తున్న ఉద్యోగం: డాన్సర్ల వెనక బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టు. పెన్షన్ సంగతి ఎవరైనా చూడాలి.

పరిధి అన్నాం కాబట్టి న్యాయంగా ఒకటి చెప్పాలి. సముద్రం గారు నిజంగానే పరిధి మేరకే నటిస్తారు. దాని పేరే చెలియలికట్ట. 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను రోజు, మాత్రం పరిధి దాటారు. బీచ్ రోడ్డుని ముక్కలు ముక్కలుగా కొరికేశారు. తర్వాత ఊరంతా కరెంటు లేక చీకట్లో కూర్చుని, పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం బారులు తీరాం. ఆ ప్రదర్శనకి స్టార్లు ఇవ్వడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నాకూ రావడం లేదు, కాబట్టి మళ్లీ టీవీ దగ్గరికి వెళ్దాం.

సీరియళ్లకి సముద్రం అక్కర్లేదు. అవి హైదరాబాద్‌లో ఒక హాలు, ఒక వంకర మెట్లదారి చుట్టూ తిరుగుతుంటాయి. వాటి సమీక్షకురాలు మా పెద్దమ్మ, ఎంవీపీ కాలనీ. ఆవిడ టీవీ చూడదు. టీవీకి వీపు పెట్టి కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటుంది. ఢమ్మని మ్యూజిక్ రాగానే, తల తిప్పకుండా, "అత్త వచ్చిందా?" అంటుంది.

"వచ్చింది పెద్దమ్మా."

"మూడుసార్లు చూపించాడా మొహం?"

"చూపించాడు."

"అయితే ఇవాళ ఏం జరగదులే. రేపు చూడొచ్చు."

మొన్న కొత్త హీరోయిన్ నోరు తెరవగానే పెద్దమ్మ చెయ్యి చింతపండు మీద ఆగిపోయింది. ఆ రోజు మొదటిసారి వెనక్కి తిరిగి టీవీ చూసింది. "ఏరా, ఈ గొంతు ఆరున్నర సీరియల్లో చచ్చిపోయిన కోడలిది కదూ? ఈ పిల్లకెలా వచ్చింది?" అంది. డబ్బింగ్ పెద్దమ్మా, ఆ అమ్మాయిది కర్ణాటక, తెలుగు రాదు, వేరేవాళ్లు చెప్తారు అన్నాను. పెద్దమ్మ ఒక గింజ తీసి పక్కన పడేసి, "మొహం ఒకళ్లది, గొంతు ఇంకొకళ్లది. ఏడవడం ఎవరికి రావాలిరా మరి?" అంది. రేటింగ్ అడిగితే అంకె చెప్పలేదు. వాల్యూమ్ తగ్గించమంది.

అది విన్నప్పట్నుంచీ మా ఊరి సినిమాలు నాకు వేరేగా కనబడుతున్నాయి. మొహం విశాఖది, గొంతు ఇంకెక్కడిదో. కథ ప్రకారం హీరో గాజువాకలో పుట్టి, ఫిషింగ్ హార్బర్‌లో పెరుగుతాడు. మాట్లాడేది మాత్రం కృష్ణా, గుంటూరు, ఈ మధ్య హైదరాబాద్. 'ఏటి' అన్న మాట ఒక్కసారీ అతని నోట రాదు. 'వచ్చీసాడు, తినీసాడు' అనేది అతని పక్కన ఉండే లావుపాటి ఫ్రెండు. లేకపోతే ఇంట్లో పనిచేసే ఆవిడ. అది వినగానే హాల్లో నవ్వులు. జగదాంబ దగ్గరి హాళ్లలో కూడా నవ్వుతారు, అదే నా బాధ. ఇంటికి ఫోన్ చేసి 'సినిమాకి వచ్చీసాను' అని చెప్పి, లోపలికెళ్లి అదే మాటకి పగలబడి నవ్వే ప్రేక్షకులం మేము. నేనూ నవ్వాను, రెండుసార్లు.

2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చినప్పుడు ఒక తేడా జరిగింది. ఎక్కువమంది నటులు ఆ పేటవాళ్లే, మాట కూడా ఆ పేటదే. అందరూ 'సహజంగా ఉంది' అని మెచ్చుకున్నారు. విశాఖ వాళ్లు విశాఖలో విశాఖలా మాట్లాడితే అది ప్రయోగం అయింది. వసూళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ) లాగే ఉత్తరాంధ్రని విడి ఏరియాగా పెట్టి పైసాతో సహా లెక్క కడతారు. డబ్బుకి ఏరియా ఉంది, మాటకే లేదు.

మొన్న ఆదివారం బీచ్‌లో ఏదో షూటింగ్. నేను వాకింగ్‌కి వెళ్లి నిలబడిపోయాను. మెడలో ట్యాగు వేసుకున్న కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చి, "సార్, కొంచెం పక్కకి రండి, మీ వల్ల సముద్రం పడట్లేదు" అన్నాడు. జరిగాను. పక్కనే మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఆవిణ్ణి కూడా బండి తీయమన్నాడు. ఆవిడ విసనకర్ర ఆపలేదు.

"ఏటి బాబూ, రోజూ వచ్చి మా సముద్రాన్ని పట్టుకుపోతన్నారు. దానికేటిస్తన్నారేటి?"

చుట్టూ ఉన్నవాళ్లం నవ్వాం. కుర్రాడు మాత్రం నవ్వలేదు. జేబులోంచి ఫోన్ తీసి, "అమ్మా, ఇంకోసారి చెప్పండి" అన్నాడు. ఆవిడ చెప్పింది. అతను టైప్ చేసుకుని, దూరంగా గొడుగు కింద కూర్చున్నాయన వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"సార్, కమెడియన్‌కి డైలాగ్ దొరికింది!"