అడ్వాన్సు వాపసు ఇస్తే చేతులు దులుపుకున్నట్టేనా?

ఒంగోలులో ఓ కల్యాణ మండపం వాళ్లు పెళ్లికి ఆరు రోజుల ముందు ఆడపిల్ల తండ్రికి ఫోన్ చేశారు. 'మీ డేట్ క్యాన్సిల్, వచ్చి అడ్వాన్సు పట్టుకెళ్లండి' అన్నారు. కారణం ఊళ్లో అందరికీ తెలుసు. అదే తేదీకి అంతకన్నా పెద్ద ఇంటి శుభకార్యం కుదిరింది. ఇటు శుభలేఖలు పంచేశారు. వంట మేస్త్రీకి బయానా ఇచ్చేశారు. కనిగిరి నుంచి బస్సు మాట్లాడారు. చెన్నై చుట్టాలు పినాకినికి టికెట్లు కూడా తీసుకున్నారు. చివరికి పెళ్లి ఇంటి ముందు వీధిలో, షామియానా కింద జరిగింది.

'పైసాతో సహా తిరిగి ఇచ్చాం, ఇంకేం చేయాలి?' అన్నది మండపం వాళ్ల ప్రశ్న. వాళ్లిచ్చిన రసీదునే వెనక్కి తిప్పి చూస్తే జవాబు దొరుకుతుంది. 'బుకింగ్ రద్దు చేసుకున్నచో అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు' అని అచ్చేసి ఉంటుంది. పార్టీ మానుకుంటే అడ్వాన్సు గల్లంతు. మండపం మానుకుంటే మాత్రం అడ్వాన్సు వాపసుతో సరి. ఇదెక్కడి లెక్క?

తుఫానుకు మండపంలోకి నీళ్లొచ్చాయి, అధికారులు భవనం మూయించారు అంటే అది వేరు. చేయడానికే వీల్లేకుండా పోయిన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షనే చెబుతోంది. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఉన్నవాళ్లకు నవంబరు వానల సంగతి ఒకరు చెప్పాలా? అప్పుడు అడ్వాన్సు తిరిగి ఇస్తే ఎవరూ తప్పు పట్టరు. కానీ పెద్ద పార్టీ దొరకడం తుఫాను కాదు.

అదే చట్టం 73వ సెక్షన్ ప్రకారం మాట తప్పినవాడు ఎదుటివాడికి జరిగిన నష్టం కట్టాలి. హడావుడిగా వేరే హాలు వెతికి ఎక్కువ అద్దె కట్టి ఉంటే ఆ తేడా అడగవచ్చు. ఆ హాలు వెతికే ప్రయత్నం మాత్రం చేసి ఉండాలి; చేతులు కట్టుకుని కూర్చుని ఖర్చంతా వాళ్ల నెత్తిన వేస్తామంటే కోర్టు ఒప్పుకోదు. బుక్ చేసేటప్పుడే పెళ్లికని, ముహూర్తం ఫలానా అని రాయించుకుంటే మంచిది. ఏం నష్టం వస్తుందో మాకు తెలియదని మండపం వాళ్లు తర్వాత బుకాయించలేరు. పెళ్లి రోజు దాకా ఆగక్కర్లేదు కూడా. ఇవ్వం అని చెప్పిన రోజే ఒప్పందం తప్పినట్టని 39వ సెక్షన్ అంటోంది. ఆ రోజే స్పీడ్ పోస్టులో నోటీసు పంపవచ్చు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకా దగ్గరి దారి. ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఈ కేసులు వినే జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు ఎప్పుడైనా వేయవచ్చు. మీరు నెల్లూరులో ఉండి విజయవాడలో హాలు బుక్ చేసినా నెల్లూరులోనే వేయవచ్చు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునేలా షరతు పెడితే దాన్ని అన్యాయ ఒప్పందం అంటుంది ఈ చట్టం. ఆ షరతునే కొట్టేయించాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

ఇంత చట్టం ఉన్నా కేసులు ఎందుకు పడవు? మన వాళ్ల దగ్గర కాగితం ఉండదు. 'తెలిసినవాళ్లేలే' అని చేతిలో డబ్బు పెట్టి వస్తారు. ఇక అడ్వాన్సు వాపసు తీసుకునేటప్పుడు 'ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు' అన్న కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెడతారు. ఆ సంతకంతో సగం కేసు పోయినట్టే. మిగతా సగం పెద్దమనుషులు చూసుకుంటారు. 'పెళ్లి అయిపోయిందిగా, శుభమా అంటూ కోర్టులెందుకు' అని సర్దిచెప్పేది వీళ్లే. అదే మండపంలో ఆ పెద్దింటి విందుకు వెళ్లి భోంచేసి వచ్చిందీ వీళ్లే. ఆ తేదీ ఎవరిదని ఒక్కరైనా అడిగారా?

ఇవాళ ఒకరి తేదీ లాక్కోవడం చెల్లితే రేపు ఎవరి తేదీకీ భరోసా ఉండదు. వచ్చే మాఘంలో మన ఇంటికే ఆ ఫోన్ రావచ్చు. మండపం యజమానులను మేం అడిగేది చిన్న పని. రసీదు వెనక ఆ వాక్యం కింద ఇంకో వాక్యం అచ్చేయించండి: మేం రద్దు చేస్తే ఇంత కట్టిస్తాం అని. అది వేయించలేరా? అయితే మొదటిదీ కొట్టేయండి.