సవరణ: ట్రాకింగ్ కాలర్ల సిగ్నల్, బ్యాటరీ, బరువు

మార్కెటింగ్ నుంచి వన్యప్రాణుల ట్రాకింగ్ పరికరాల రంగానికి మారేవారి కోసం రాసిన గత పోస్టులో, జంతువు మెడకు కట్టే ట్రాకింగ్ కాలర్ గురించి ‘కాలర్ జీపీఎస్ ఉపగ్రహానికి లొకేషన్ పంపుతుంది’ అని ఉంది. అది సరికాదు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి కాలర్ సంకేతాలు అందుకుంటుందే తప్ప వాటికి ఏమీ పంపదు. లొకేషన్ మన చేతికి సాధారణంగా వచ్చేది ఇరిడియం, ఆర్గోస్ వంటి, డేటా చేరవేసే వేరే ఉపగ్రహాల ద్వారానో మొబైల్ నెట్‌వర్క్ ద్వారానో. బ్రోషర్ రాసేవాళ్లు ముఖ్యంగా ఇక్కడే జాగ్రత్తపడాలి. టవర్ లేని అడవికి సిమ్ కాలర్ అమ్మితే, జంతువు సిగ్నల్ ఉన్న చోటికి వచ్చేదాకా డేటా కాలర్‌లోనే ఉండిపోతుంది.

బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందో రాసేటప్పుడు, రోజుకు ఎన్ని ఫిక్సులకో కూడా రాయండి (కాలర్ తన లొకేషన్ కనుక్కున్న ప్రతిసారీ ఒక ఫిక్సు). గంటకొకటి అంటే 24, ఆరు గంటలకొకటి అంటే 4. దట్టమైన చెట్ల కింద ఒక్కో ఫిక్సుకు ఎక్కువసేపు పడుతుంది కాబట్టి బ్యాటరీ ఇంకా త్వరగా అయిపోతుంది.

పరికరం బరువు జంతువు శరీర బరువులో 5 శాతం మించకూడదన్న పరిమితి అన్నిటికీ వర్తించదు. పక్షులకు సాధారణంగా పాటించేది 3 శాతం: కిలో బరువున్న పక్షికి పట్టీలతో సహా 30 గ్రాములు.