1975లో ఈ జిల్లా ఎక్కడిది?

నిన్న ఊళ్లో హాల్లో ఒక ప్రేమకథ చూశాం. హాస్యం బాగానే ఉంది. కథ 1975లో విజయనగరంలో జరుగుతుందని మొదట్లోనే అక్షరాలు వేశారు. పది నిమిషాలైనా కాకుండానే హీరోయిన్ ఎక్కిన రిక్షా వెనకాల ‘విజయనగరం జిల్లా’ అని ప్రభుత్వ బోర్డు! మన జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న. అప్పటిదాకా ఈ ఊరు విశాఖపట్నం జిల్లాలోది. పెళ్లికి ముందు తాతయ్య రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. మడతల దగ్గర చిరిగాయి గానీ, చిరునామా చివర నీలిసిరాతో ‘విశాఖపట్నం జిల్లా’ అని స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ తర్వాత హీరో స్కూటరుకు, జిల్లా పుట్టాక ఎప్పుడో మనకు వచ్చిన ఏపీ 35 నంబరు. కిళ్లీకొట్టు పలకమీద 2010లో వచ్చిన రూపాయి గుర్తు.

నవ్వుకునే సినిమాకు ఇంత పట్టింపు ఎందుకన్నాడు బావ. నాకు మాత్రం కడుపు మండిపోయింది. లంగావోణీ అంచుకూ బెల్‌బాటం ప్యాంటుకూ అంత శ్రద్ధ పెట్టినవాళ్లు, ఊళ్లో ఒక్క పెద్దాయన్ని అడిగితే సరిపోయేది కదా! ఆ రోజుల్లో ఇక్కడ ప్రేమించి పెళ్లాడినవాళ్లు ఇంకా ఉన్నారు. నాకు ఇటుపక్కన కూర్చున్నది అమ్మమ్మే. బోర్డు చూడగానే ‘‘ఇది మన ఊరు కాదమ్మా’’ అంది.