పిల్లల బేస్‌బాల్ రూల్ బుక్కు గారికి హన్మకొండ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ రూల్ బుక్కు గారి సముఖానికి,

హన్మకొండ నుంచి స్కోరు రాసేవాళ్లు, ఆదివారం పొద్దున్నే ముగ్గుపిండి బస్తా మోసేవాళ్లు, అంపైర్ పక్కన నిలబడి తిట్లలో వాటా పంచుకునేవాళ్లు కలిసి రాయునది. ఉభయకుశలోపరి. 1939లో అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్‌లో పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ మొదలైనప్పుడు ఎంత సన్నగా ఉండేవారో గాని, ఇప్పుడు తమరిని సంచీలో పెడితే టిఫిన్ డబ్బాకు చోటు ఉండట్లేదు.

మా అభియోగం ఒక్కటే. తమరు పిల్లల ఆట పేరు చెప్పి పెద్దవాళ్ల మీద కేసు డైరీ రాశారు. చిర్రగోనెకు పుస్తకం లేదు. లొల్లి వస్తే ఎవడి గొంతు పెద్దదైతే వాడిదే రూలు, సాయంత్రానికి మళ్లీ సోపతే. తమరి దగ్గర మాత్రం ఏ పేజీ తిప్పినా "వీడు ఏదో చేస్తాడు" అన్న అనుమానమే.

మచ్చుకు తమరి ముద్దుబిడ్డ ఇన్‌ఫీల్డ్ ఫ్లై. రెండో అవుట్ ఇంకా పడలేదు. ఫస్ట్, సెకండ్ బేస్‌ల (పరుగెత్తేవాడు తాకాల్సిన మజిలీల) మీద రన్నర్లున్నారు, లేదా మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి. బ్యాటర్ కొట్టిన బంతి పైకి లేచి, బేస్‌ల దగ్గర కాపు కాసే ఇన్‌ఫీల్డర్ మామూలుగా అందుకోగల చోటికి దిగుతోంది. అంపైర్ వేలు పైకెత్తి "ఇన్‌ఫీల్డ్ ఫ్లై" అన్నాడంటే బ్యాటర్ అవుట్. పట్టినా అవుటే, నెత్తిన పడి బుర్ర వాచినా అవుటే. క్రికెట్ చూసి పెరిగిన ఓరుగల్లు తండ్రికి ఈ ముక్క చెప్పి చూడండి. "సార్, పిల్లగాడు బాల్ వట్టనే లేదు, అవుటెట్ల అయితడు?" అని గ్రౌండ్‌లోకే వస్తాడు. ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు.

తప్పల్లా షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్‌ల మధ్య కాపు కాసేవాడు) తెలివిది. బంతి గాల్లో ఉన్నంతసేపు రన్నర్లు క్యాచ్ భయంతో బేస్‌ను అంటిపెట్టుకుని ఉంటారు. వాడు కావాలని వదిలేశాడనుకోండి, వెనక నుంచి బ్యాటర్ వస్తుంటాడు గనుక వాళ్లు ముందు బేస్‌కు పరుగెత్తక తప్పదు. బంతి థర్డ్‌కు, అక్కణ్ణుంచి సెకండ్‌కు విసిరితే ఇద్దరూ గల్లంతు. పడితే ఒక అవుట్, వదిలితే రెండు. జారవిడిచినవాడికి డబుల్ కూలీ అన్నమాట. ఎందుకు వదిలావంటే "ఎండ కండ్లల్ల వడ్డది సార్" అంటాడు, తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు. అందుకే 1895లోనే ఈ రూలు పుట్టించారు. ఫస్ట్ బేస్ మీద ఒక్కడే ఉంటే ఇది వర్తించదు. బ్యాటర్ ఒళ్లు దాచుకోకుండా పరుగెత్తితే ఫస్ట్ చేరిపోతాడు గనుక, వదిలి లాభం లేదు. గాల్లో తిన్నగా దూసుకెళ్లే బంతికి, బంట్‌కు (బ్యాట్ ఊపకుండా మెల్లగా తాకించిన బంతికి) కూడా వర్తించదు. ఇంతవరకు తర్కం ఇనుప గుండులా ఉంది, ఒప్పుకుంటాం.

కాని "మామూలుగా అందుకోగల" అని రాసి తమరు హాయిగా పడుకున్నారు. పదేళ్ల పిల్లలకు మామూలు అంటే ఎంత? వాడు తలెత్తి, టోపీ పడేసుకుని, రెండుసార్లు గుండ్రంగా తిరిగి, చివరికి బంతి కింద కుదురుగా నిలబడ్డాడా లేదా అన్నదే లెక్క. మేజర్ లీగ్ ఆటగాడి కాళ్లతో కొలవకూడదు. అందుకే బంతి పైకెళ్లి ఆగి, దిగడం మొదలెట్టాకే అంపైర్ అరవాలి. అరిస్తే మాత్రం ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి వేలం పాడే గొంతు కావాలి. గీత లోపలిది ఫెయిర్, బయటిది ఫౌల్ గనుక, గీత దగ్గర దిగే బంతికి "ఫెయిర్ అయితే" అని తోక తగిలించాలి. ఎవరూ ముట్టకుండా అది ఫౌల్‌లోకి దొర్లిపోతే అవుటూ లేదు, గివుటూ లేదు, మామూలు ఫౌల్.

అసలు గల్లంతు ఆ తర్వాత. అరుపు వినగానే ఆట ఆగిందనుకుంటారు. ఆగదు. బంతి ఆటలోనే ఉంటుంది. రన్నర్లు కదలనక్కర్లేదు, కదిలితే వాళ్ల పూచీ. బంతి కింద పడిందని చూసి బయట నుంచి అరడజను మంది "ఉర్కు, ఉర్కు" అంటే సెకండ్ మీదున్నవాడు అమాయకంగా ఉరుకుతాడు. థర్డ్ బేస్‌మన్ బంతి పట్టుకుని బ్యాగు తొక్కి రెండు చేతులూ పైకెత్తుతాడు. అది అవుట్ కాదు. బ్యాటర్ అప్పుడే అవుటయ్యాడు గనుక వెనకాల నుంచి తోసేవాడు లేడు. రన్నర్‌ను బంతితో తాకాల్సిందే. ఇది చెప్పేలోపు రన్నర్ థర్డ్ చేరతాడు, తండ్రి స్కోరర్ టేబుల్ చేరతాడు.

మూడో స్ట్రైక్ కథా ఇదే అనుమానం. మూడు స్ట్రైక్‌లు పడితే మామూలుగా బ్యాటర్ అవుట్. బ్యాటర్ మూడోది కూడా ఊపి మిస్సయ్యాడు, మన వికెట్‌కీపర్ లాంటి క్యాచర్ బంతి పట్టలేదు. ఫస్ట్ బేస్ ఖాళీగా ఉన్నా, ఇద్దరు అవుటైపోయి ఉన్నా బ్యాటర్ పరుగెత్తవచ్చు. ఫస్ట్ బేస్ మీద మనిషి ఉండి, ఇద్దరు అవుట్ కాకపోతే ఆ వీలు లేదు. ఎందుకంటే క్యాచర్ కూడా షార్ట్‌స్టాప్ చుట్టమే, కావాలని జారవిడుస్తాడు. మావాళ్లకు అర్థం కానిది ఒక్కటే: రెండు అవుట్లు, మూడు బేస్‌లూ నిండి ఉన్నప్పుడు థర్డ్ మీదున్నవాడు హోమ్‌కు పరుగెత్తక తప్పదు గనుక, క్యాచర్ బంతి ఏరుకుని తన కాళ్ల దగ్గరున్న హోమ్ ప్లేట్ తొక్కితే చాలు. నూటికి తొంభై మంది ఫస్ట్ బేస్‌కే విసురుతారు. ఆ విసురు రైట్ ఫీల్డ్‌లోని గేదెల దాకా పోతుంది, ఇద్దరు ఇంటికొస్తారు, అంటే రెండు పరుగులు.

గ్రౌండ్ గీయడం గురించి కూడా మొర పెట్టుకోవాలి. పన్నెండేళ్ల లోపు వాళ్లకు బేస్‌కూ బేస్‌కూ 60 అడుగులు, పిచర్ (బంతి విసిరేవాడు) నిలబడే రబ్బరు పలక ముందంచు నుంచి హోమ్ ప్లేట్ వెనక మొనకు 46 అడుగులు. ఇది ఎవరైనా గీస్తారు. మూలలు సరిగ్గా రావాలంటే మేస్త్రీ బుర్ర కావాలి. ప్లేట్ వెనక మొన దగ్గర మేకు కొట్టి, 84 అడుగుల 10¼ అంగుళాల దగ్గర సెకండ్ బేస్ నడిమధ్యకు గుర్తు పెట్టాలి. ఆ మేకు నుంచి 60, ఆ గుర్తు నుంచి 60, రెండు టేపులు ఒక పక్క కలిసేది ఫస్ట్, రెండో పక్క కలిసేది థర్డ్. ఆ రెండు బ్యాగులూ గీతకు లోపలే కూర్చోవాలి. సుతిలితో కొలిస్తే సాగుతుంది. సుతిలి గీతకు మాత్రమే, కొలతకు టేపే. ఇక మొన వదిలేసి ప్లేట్ ముందంచు నుంచి కొలిచే మహానుభావులున్నారు. ప్లేట్ లోతు 17 అంగుళాలు, పలక అంత వెనక్కి పోతుంది. ఆ రోజంతా బంతి బ్యాటర్ ముందే నేలకు కొట్టుకుంటుంది, కోచ్ పిల్లవాడి భుజాన్ని తిడుతుంటాడు.

భుజం అంటే గుర్తొచ్చింది. తొమ్మిది, పదేళ్ల పిచర్లకు రోజుకు 75 బంతులు, పదకొండు, పన్నెండేళ్ల వాళ్లకు 85. 66కు చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. 85వ బంతి బ్యాటర్ మధ్యలో వస్తే ఆ బ్యాటర్‌ను పూర్తి చేయనిస్తారు. ఆ కాస్త దయ చూపినందుకు సంతోషం. 41 బంతులు వేసినవాడు ఆ రోజు క్యాచర్‌గా కూర్చోకూడదన్నారు, ఇంకా సంతోషం. కాని లెక్క పెట్టేది మనుషులండీ. రెండు స్ట్రైక్‌ల తర్వాత వచ్చే ఫౌల్ స్ట్రైక్ కాదు గనుక బంతీ కాదనుకుని ఒకాయన వదిలేస్తాడు. అది లెక్కలోకి వస్తుంది. ఇంకొకాయన క్లిక్కర్ చేతిలో పెట్టుకుని ఫోన్ మాట్లాడతాడు. అయిదో ఇన్నింగ్స్‌లో ఒకరిది 71, ఒకరిది 64. ప్రతి ఇన్నింగ్స్ చివర రెండు పక్కలవాళ్లూ కలిపి చూసుకుంటే తీరిపోయే ముచ్చట, కాని ముందే కలిపితే పంచాయితీ ఎట్లా? పైగా శనివారం ఒక చోట వేసిన చెయ్యి ఆదివారం ఇంకో చోట "కొత్తది సార్" అని వస్తుంది. నూనూగు మీసాల పన్నెండేళ్ల వాళ్ల గురించి ఇక్కడ రాయం, ఆ సర్టిఫికెట్లకు తమరి కన్నా ఎక్కువ పేజీలుంటాయి.

ప్రతి పిల్లవాడూ కనీసం ఆరు అవుట్లు పడేదాకా ఫీల్డింగ్ చేయాలి, ఒక్కసారైనా బ్యాట్ పట్టాలి అన్నారు. బాగుంది. ఆ ఆరు అవుట్లూ రైట్ ఫీల్డ్ మూలన, గడ్డి పీక్కుంటూ గడిపించే విద్య మా కోచ్‌లకు పుట్టుకతో వచ్చింది.

కబడ్డీ పిల్లలకు మాత్రం తమరు అన్యాయం చేశారు. గీత కోసం చేతులు చాచి దూకడం వాళ్లకు తల్లిపాలతో వచ్చింది. తమరేమో ముందు బేస్‌కు తలతో దూకితే అవుట్ అంటారు, వెనక్కి తిరిగి దూకితే పర్లేదంటారు. మెడలు కాపాడాలన్న ఉద్దేశం తెలుసు. కాని సెకండ్ బేస్‌కు అందంగా దూకి, దుమ్ము దులుపుకుని నవ్వుతున్న వాడికి అవుట్ ఇచ్చే అంపైర్ ముఖం తమరు చూడలేదు.

బంతీ రన్నరూ ఒకేసారి బేస్ చేరితే చెప్పే "టై అయితే రన్నర్‌కే" అన్న వాక్యం ఏ పేజీలో ఉందో చూపించమని ఎందరు అడిగారో. అది తమరిలో ఎక్కడా లేదని చెబితే, పాత పుస్తకంలో ఉండేదంటున్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు, తమరే ఏదో ఒకటి పంపండి.

ఇట్లు,
ముగ్గుపిండి అంటిన చేతులు

తా.క.: నిన్న రాత్రి వానకు థర్డ్ బేస్ వైపు గీత సగం కొట్టుకుపోయింది. గీత మీద పడ్డ బంతి ఫెయిర్ అని తమరు రాశారు సరే. గీతే లేని చోట పడితే ఆ మాట ఎవరు చెప్పాలో, ఎంత దూరంలో నిలబడి చెప్పాలో కాస్త రాయగలరు.