వెయ్యిమంది కొత్త విద్యార్థులు

మా పిల్లలు బడికి వెళ్ళరు. బడే మా ఇంటికొచ్చి హాల్లో కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. సోఫా మీద భూగోళం, ఫ్రిజ్ మీద ఎక్కాలు, బాత్రూం తలుపు మీద మూలకాల పట్టిక. చుట్టాలెవరైనా వచ్చి కూర్చోబోతే "అత్తా, అక్కడ కూర్చోకు, అది ఆఫ్రికా!" అని మా చిన్నది అరుస్తుంది.

ఈ ఇంటి బడికి మొదట్లోనే నేనొక సూత్రం పెట్టాను. ఇంట్లో ఏం జరిగినా అది పాఠమే. వినడానికి ఎంత బాగుందో చూడండి. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక, ఆ రోజు ఏమేం నేర్చుకున్నారో నోట్‌బుక్కులో రాస్తాను. అందులో "గాజు గ్లాసు పగిలింది" అని ఉండదు. "భౌతికశాస్త్రం: గురుత్వాకర్షణ, ప్రయోగపూర్వకంగా" అని ఉంటుంది. రిమోట్ కోసం జుట్లు పట్టుకుంటే పౌరశాస్త్రం. ఆ తర్వాత ఏడ్చిన ఏడుపు శ్వాసకోశ వ్యవస్థ. చిక్కల్లా ఏమిటంటే, ఈ సూత్రాన్ని పిల్లలు నాకంటే బాగా వంటబట్టించుకున్నారు. "గోడ మీద ఎవర్రా గీసింది?" అని అడిగితే "ఆదిమానవుడి పాఠం కదమ్మా" అంటాడు నడిపివాడు. ఇంక తిట్టడానికి నోరెలా వస్తుంది? సిలబస్‌ని తిట్టినట్టవుతుంది.

పిల్లలు బతుకులోంచే నేర్చుకుంటారని గట్టిగా నమ్మిన అమెరికన్ ఒకాయన ఉండేవారు, జాన్ హోల్ట్ అని. టీచరుగా పనిచేసి, బళ్ళ మీద ఆశ వదులుకుని, 1977లో ఇంటి చదువుల కోసం ఏకంగా ఒక పత్రికే మొదలుపెట్టారు. ఆయన రాసినవి చదువుతుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఆయనకు పెళ్ళి కాలేదనీ, పిల్లలు లేరనీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

మమ్మల్ని మెచ్చుకునే చుట్టాలు మాత్రం ఎడిసన్ పేరెత్తుతారు. బడి మాన్పించి తల్లే ఇంట్లో చదువు చెప్పిందట, ఎంతవాడయ్యాడో చూడు అంటారు. నిజమే. ఆ ఎంతవాడే కుర్రతనంలో రైలుపెట్టెలో రసాయనాలతో ప్రయోగాలు చేస్తూ మంట పెట్టాడు. పోన్లే, ఇంట్లో కాదు కదా అని ఆ తల్లి అనుకునే ఉంటుంది.

మా వానపాముల కథకు వచ్చే ముందు సౌరకుటుంబం ప్రాజెక్టు సంగతి చెప్పాలి. పుస్తకాల్లో గ్రహాలన్నీ భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటాయి. అలా కాదు, కొలత ప్రకారం చేద్దామంది మా పెద్దది. లక్ష కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున లెక్కేశాం. సూర్యుడు 14 సెంటీమీటర్ల బంతి. భూమి మిల్లీమీటరు మీద మరికొంచెం. ఆ నలుసు భూమి సూర్యుడికి 15 మీటర్ల దూరంలో ఉండాలి. మా హాలు బుధుడితోనే అయిపోయింది. శుక్రుడు వంటింట్లో పడ్డాడు. భూమికి మెట్ల మీద చోటు దొరికింది. మేం గురుగ్రహానికి చారలు దిద్దుతుండగా, నెప్ట్యూన్ 450 మీటర్ల దూరంలో ఉండాలని విన్న నడిపివాడు అర సెంటీమీటరు నీలం పూస పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు. "వాడేడే?" అని అత్తయ్యగారు అడిగితే "నెప్ట్యూన్‌కి వెళ్ళాడు నాన్నమ్మా" అంది చిన్నది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. ఆ రాత్రి నోట్‌బుక్కులో "ఖగోళశాస్త్రం, వ్యాయామం" అని రాశాను.

అత్తయ్యగారు మాత్రం గట్టి షరతు పెట్టారు. "ఇకమీదట మీ ప్రాజెక్టు ఏదైనా సరే, గుమ్మం దాటడానికి వీల్లేదు."

ఆవిడ మాటకు కట్టుబడే వానపాముల్ని ఇంట్లో పెట్టాం.

వంటింటి చెత్తను ఎరువు చేయడం పెద్దదాని ఆలోచన. మూతున్న ప్లాస్టిక్ డబ్బా, దానికి గాలి కోసం చిల్లులు, అడుగున తడిపి పిండిన పేపరు ముక్కలు, వాటిమీద కూరగాయల తొక్కలు, ఆపైన అరకిలో వానపాములు. అవును, తూకానికే అమ్ముతారు. అరకిలోకి దాదాపు వెయ్యి తూగుతాయని లెక్క. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

వాటికి కళ్ళు లేవు, చెవులు లేవు, పళ్ళు లేవు, ఊపిరితిత్తులు కూడా లేవు, చర్మంతోనే ఊపిరి పీలుస్తాయి అని పెద్దది ఆరిందాలా చదివి వినిపించింది. "పాపం, ఏమీ లేవా?" అని చిన్నది జాలిపడింది. "గుండెల్లాంటివి మాత్రం అయిదు జతలున్నాయి" అనేసరికి జాలి పోయి ఏడుపు మొదలైంది, తనకు ఒక్కటే ఎందుకుందని. రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములవుతాయట కదా అని నడిపివాడు కత్తెర వెతకబోయాడు. అవ్వవు, తోకముక్క బతకదు అని నచ్చజెప్పి వాణ్ణి ఆపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. వానపాముకు కాదు, నాకు.

అసలు ముప్పు డార్విన్ రూపంలో వచ్చింది. డార్విన్ అంటే అందరికీ కోతులు గుర్తొస్తాయి గానీ, ఆయన ఆఖరి పుస్తకం వానపాముల మీదే. 1881లో అచ్చయింది, మరుసటేడు ఆయన పోయారు. ఆ మహానుభావుడు వానపాముల్ని కుండీల్లో వేసి ఇంట్లోనే పెంచారు. వాటికి వినపడుతుందో లేదో తేల్చడానికి ఈల ఊదించారు, బసూన్ అనే బారెడు వాయిద్యం వాయింపించారు, గట్టిగా కేకలు పెట్టారు, పక్కనే పియానో మోగించారు. అవి ఉలకలేదు, పలకలేదు. అవే కుండీల్ని పియానో మీద పెట్టి మీట నొక్కగానే చటుక్కున బొరియల్లోకి దూరాయి. చెవులు లేకపోయినా అదురు తెలుస్తుందన్నమాట. శాస్త్రం సంగతి సరే, అంత పెద్దాయన కుండీ ముందు కూర్చుని వానపాములకు కచేరీ పెట్టిస్తుంటే ఆ ఇంటి పనివాళ్ళు వంటింట్లోకెళ్ళి ఏమనుకున్నారో తెలుసుకోవాలని నాకు మహా కోరిక.

మా ఇంట్లోనూ కచేరీ జరిగింది. పెద్దది ఈల ఊదింది. చిన్నది కేకలు పెట్టింది, దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మావారు గొంతు సవరించుకుని ఒక పాట అందుకున్నారు. వానపాములు కదల్లేదు గానీ అత్తయ్యగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. మిగిలింది పియానో ఒక్కటే. మాకది లేదు. ఇంట్లో అదిరే వస్తువేమిటా అని పెద్దది గదులన్నీ తిరిగి, ఆఖరికి వాషింగ్ మెషీన్‌ని ఖాయం చేసింది. మర్నాడు ఒక్క నిమిషం ఆన్ చేసి చూద్దామని డబ్బాను మెషీన్ మీద పెట్టి, "కదపరాదు" అని కాగితం అంటించింది.

ఆ రాత్రి మావారు, పొద్దున్న మీటింగు ఉందని, చొక్కాలన్నీ మెషీన్‌లో వేసి స్విచ్ నొక్కి పడుకున్నారు. డబ్బాను ఆయన కదపలేదు. ఆ పని మెషీనే చేసింది.

పియానో మీట ఒకసారి అదిరి ఊరుకుంటుంది. మెషీన్ తిరగడం మొదలెడితే బట్టలు పిండిందాకా వదలదు. ఇక్కడింకో సంగతి. నేల అలా ఆగకుండా అదిరితే కొన్ని జాతుల వానపాములు లోపలికి పోవు, పైకొచ్చి పారిపోతాయి. తమను తినే మోల్ అనే జంతువు తవ్వుకుంటూ వస్తోందని వాటి భయం. ఫ్లోరిడాలో ఎరల కోసం వానపాములు పట్టేవాళ్ళు నేలలో కర్ర దిగ్గొట్టి, దాని తల మీద ఇనుప పట్టీతో గరగర రుద్ది వాటిని బయటికి రప్పిస్తారు. అలా రావడానికి కారణం ఈ భయమేనని కెనెత్ కెటానియా అనే జీవశాస్త్రవేత్త 2008లో ప్రయోగాలు చేసి చూపించారు. మావి ఆ జాతివి కావనుకోండి. అయినా పరాయి ఇల్లు, వచ్చీరాగానే కచేరీ, రాత్రికి భూకంపం. ఎవరు మాత్రం ఉంటారు?

పొద్దున్నే లేచి వెళ్ళేసరికి మెషీన్ ముందు నేలంతా ఎర్రటి గీతలు. చిన్నది మళ్ళీ క్రేయాన్స్ తీసిందనుకున్నాను. వంగి చూస్తే, ఒక గీత పొట్టిగా అయి, మళ్ళీ పొడుగైంది.

నా కేకకు ఇల్లంతా లేచింది. గోడ వెంబడి కొన్ని, బాత్రూం గడప మీద కొన్ని, తడి పట్టా ఎత్తితే దాని కింద ఒక సభ. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపే నడిపివాడు "అమ్మా, ఇవాళ పాఠం దానంతటదే బయటికొచ్చేసింది!" అని చప్పట్లు కొట్టాడు. సూత్రం నాదే. నోరు మూసుకుని బకెట్ తెచ్చాను.

చేతులు తడుపుకుని ఏరడం మొదలుపెట్టాం, పొడిచేతులతో పట్టుకుంటే వాటి చర్మానికి మంచిది కాదని. చిన్నది ప్రతిదానికీ బుజ్జి అని పేరు పెట్టి, "బుజ్జీ రా, బుజ్జీ నువ్వూ రా" అని పిలుస్తూ ఏరింది. నడిపివాడు ఒకదాన్ని కాగితం మీద వేసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అమ్మా, గీరుతోంది." నాకు ఓపిక లేకపోయినా వంగి విన్నాను. నిజమే. అది ముందుకు జరిగినప్పుడల్లా కాగితం మీద సన్నగా, పెన్సిల్ ముల్లు ఆనీ ఆనకుండా గీస్తున్నట్టు చప్పుడు. ఒంటి కింద కంటికి ఆనని బిరుసు వెంట్రుకలుంటాయి, వాటితో నేలను పట్టుకుని నడుస్తుంది. అంత గొడవలోనూ అయిదుగురం నోళ్ళు మూసుకుని ఆ కాగితం చుట్టూ మూగాం. అయిదో మనిషి అత్తయ్యగారు. దూరంగానే నిలబడ్డారు గానీ, విన్నారు.

అయిదుగురమే ఎందుకంటే, మావారు అప్పటికే పక్క గదిలో మీటింగులో ఉన్నారు. పైన ఇస్త్రీ చొక్కా, కింద ఇంటి లుంగీ, కాళ్ళకు స్లిప్పర్లు. ఆ స్లిప్పర్లు రాత్రి మెషీన్ పక్కనే విడిచారన్న సంగతి మా ఎవరికీ తట్టలేదు. చల్లగా, చీకటిగా, కాస్త తడిగా ఉన్న చోటు ఏ వానపాముకైనా నచ్చుతుంది. స్క్రీన్ మీద పదిహేను మొహాలు. వాళ్ళ బాసు ఆ పనిని నెలాఖరుకే పూర్తిచేయాలని చెప్పి, "ఏమంటారు?" అని మావారినే అడిగారట. సరిగ్గా అప్పుడే బొటనవేలు పక్కన ఏదో కదిలింది. "అమ్మో! వద్దు! వద్దు!" అంటూ ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. లుంగీ కూడా కెమెరాకు కనపడింది. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత బాసు మెల్లగా, "మరీ అంత కష్టమైతే ఇంకో రెండు వారాలు తీసుకుందాం లెండి" అన్నారు. మీటింగు అయ్యాక ఆయన సహోద్యోగులు, అంత ధైర్యంగా అడ్డం తిరిగినందుకు, విడివిడిగా ఫోన్ చేసి అభినందించారు. ఆయన వానపాము మాట ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం విచారణ మొదలైంది. డబ్బా మెషీన్ మీద పెట్టింది పెద్దది. స్విచ్ నొక్కింది వాళ్ళ నాన్న. దాహం వేస్తుందేమోనని డబ్బాలో చెంబెడు నీళ్ళు పోసింది నడిపివాడు. చర్మంతో ఊపిరి పీల్చే ప్రాణికి నీళ్ళు నిలిస్తే గాలాడదు. అందరికీ గుడ్‌నైట్ చెప్పి మూత పెట్టడం మరిచిపోయింది చిన్నది. అయినా లైటు వెలుగుతుంటే అవి బయటికి వచ్చేవి కావు, వెలుతురు వాటికి పడదు. అందుకే కొత్తల్లో రాత్రంతా లైటు వేసి ఉంచాలని నేను మరీమరీ చెప్పాను. "ఆ లైటు ఎవరు తీశారు?" అని పెద్దది వకీలు గొంతుతో అడిగింది. అత్తయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "కరెంటు దండగ కాదూ?" అన్నారు.

నోట్‌బుక్కులో "చరిత్ర: ఒక విపత్తుకు దారితీసిన కారణాలు" అని రాశాను.

అంతటితో అయిపోయేదే. కానీ అత్తయ్యగారు అడగాల్సిన ప్రశ్న అడిగారు. "అన్నీ దొరికాయా?"

దొరికినవాటిని పిల్లలు లెక్కపెట్టారు, 783. తెచ్చింది ఎన్ని? అరకిలో. తూచి ఇచ్చారే గానీ లెక్కపెట్టి ఇవ్వలేదు. పెద్దవైతే తక్కువ తూగుతాయి, చిన్నవైతే ఎక్కువ. వెయ్యికి అటో ఇటో. అంటే ఇల్లు మొత్తం మీద ఇంకా ఎన్ని ఉన్నట్టు? రెండు వందలు ఉండొచ్చు. ఒక్కటీ ఉండకపోవచ్చు. "ఎక్స్ అనుకుందాం" అన్నాడు నడిపివాడు. ఎక్స్ ఎంతో తేలేదాకా తాను మంచం దిగనన్నారు అత్తయ్యగారు.

పెద్దది అప్పటికే పుస్తకం తెరిచింది. చెరువులో చేపలెన్నో తెలుసుకోవడానికి చెరువంతా తోడక్కర్లేదు నాన్నమ్మా, అంది. ముందు 50 పట్టుకుని గుర్తు వేస్తారు. కొన్నాళ్ళాగి మళ్ళీ 40 పడతారు. వాటిలో గుర్తున్నవి 10 ఉన్నాయనుకో, అంటే నాలుగో వంతు. కాబట్టి చెరువులో మొత్తం 200. డెన్మార్క్‌లో పీటర్సన్ అనే ఆయన 1890లలోనే చేపలకు ఇలా గుర్తులు కట్టి చూశాడు. మనమూ ఇకమీదట ఇంట్లో దొరికినవాటికల్లా చుక్క రంగు పూద్దాం.

ఆవిడ శ్రద్ధగా విన్నారు. మనవరాలి తెలివికి మురిసిపోయారు కూడా. తర్వాత ఒక్కచోట ఆగారు.

"యాభై పట్టి గుర్తు వేస్తారన్నావు. మళ్ళీ పడతారన్నావు. మధ్యలో అవి ఎక్కడుంటాయే?"

"చెరువులో. గుర్తు వేసి మళ్ళీ వదిలేయాలి కదా."

"అంటే మనం..."

"ఎక్కడ దొరికితే అక్కడే వదలాలి నాన్నమ్మా. లేకపోతే లెక్క తప్పుతుంది."

అత్తయ్యగారు కాళ్ళు పూర్తిగా మంచం మీదికి లాక్కుని నావైపు తిరిగారు. "ముందు నా మంచం కోళ్ళ కింద నాలుగు గిన్నెలు పెట్టి, నిండా నీళ్ళు పోయవే."

"భలే!" అని ఎగిరి గంతేశాడు నడిపివాడు. "తడంటే వాటికి ప్రాణం నాన్నమ్మా. అన్నీ నీ దగ్గరికే వచ్చేస్తాయి!"