ఇచ్చట క్షమాపణలు అమ్మబడును

ఇంట్లో కూర్చుని మాటలు పడటానికి జీతం కూడా ఇస్తారని మన పూర్వీకులకు తెలిసి ఉంటే ఎన్ని కుటుంబాలు బాగుపడేవో! తరతరాలుగా ఈ పనిని ఉచితంగా చేస్తూ వచ్చాం. ఇప్పుడు దానికో హెడ్‌సెట్ తగిలించి కస్టమర్ సర్వీస్ అంటున్నారు. ఖాళీ దొరికిన నాలుగు గంటల్లో నాలుగు డబ్బులు వస్తాయి కదా అని ఇందులో చేరుతున్నవాళ్లను చూసి కొందరు జాలిపడుతున్నారు. జాలి ఎందుకు? కంపెనీలు ఇంత ఉదారంగా ప్రవర్తించిన సందర్భం మరొకటి లేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

పూర్వం కాల్ సెంటర్ పెట్టాలంటే కంపెనీకి ఎంత తలనొప్పి! భవనం, కుర్చీలు, ఏసీ, ఊడ్చేవాళ్లు, కాపలావాళ్లు. ఇప్పుడు గది మీది, కుర్చీ మీది, కరెంటు మీది. ఇంటర్నెట్ మీదే, అదీ చాలా చోట్ల వైఫై పనికిరాదు, కేబుల్ గుచ్చాల్సిందే. హెడ్‌సెట్ కూడా తరచు మీరే కొనుక్కోవాలి. వెనక చప్పుడు వినపడకూడదు గనక నిశ్శబ్దమూ మీరే సమకూర్చుకోవాలి, ఇంటిల్లిపాదినీ బతిమాలో బెదిరించో. ఇక కంపెనీ తన వంతుగా ఒక లాగిన్ ఐడీ, ఒక పాస్‌వర్డ్ ఇస్తుంది. ఆ పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చుకోమంటుంది కాబట్టి చివరికి అదీ మీదే.

ఈ వృత్తికి గొప్ప చరిత్ర ఉంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో మొదట కుర్రాళ్లను పెట్టారు. వాళ్లు ఫోన్ చేసినవాళ్లకే ఎదురు తిట్లు వడ్డించేవారు. ఆ గొడవ పడలేక 1878 సెప్టెంబర్ 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడను ఆపరేటర్‌గా తీసుకున్నారు. తొలి మహిళా టెలిఫోన్ ఆపరేటర్ ఆవిడే. ఓర్పుకు ధర కట్టొచ్చని ఆ రోజే తేలిపోయింది. ఎంత కట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఇంతకన్నా ముఖ్యమైన లెక్క ఒకటుంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు ఉండేవాడు. ఫోన్లు ఒక వరసలో రావు, గుంపులు గుంపులుగా వచ్చిపడతాయి, మరి ఎంతమందిని కూర్చోబెడితే సరిపోతుంది అన్న చిక్కు ఆయన పట్టుకున్నాడు. 1909లో మొదటి పత్రం రాశాడు, 1917లో సూత్రాలు ఇచ్చాడు. కాల్ సెంటర్లు ఇప్పటికీ ఆ సూత్రాల మీదే మనుషులను లెక్కేసుకుంటాయి. నూటికి ఎనభై కాల్స్ ఇరవై సెకన్లలోపు ఎత్తాలన్నది చాలాచోట్ల లక్ష్యం. అలా ఎత్తాలంటే ఎవరో ఒకరు ఎప్పుడూ ఫోన్ కోసం ఖాళీగా ఎదురుచూస్తూ ఉండాలి. ఆ ఎదురుచూపు ఎవరి ఖాతాలో రాయాలి? ఆఫీసులో అయితే కంపెనీ ఖాతాలోనే. ఇంటి నుంచి కాంట్రాక్టు మీద పనిచేయించే కొన్నిచోట్ల ఈ సమస్యను చిల్లిగవ్వ ఖర్చు లేకుండా తీర్చేశారు. మాట్లాడిన నిమిషాలకే డబ్బు. ఫోన్ మోగే దాకా గోడ చూస్తూ కూర్చున్న సమయం మీ సొంతం, హాయిగా అనుభవించండి, కుర్చీలోంచి మాత్రం లేవకండి. ఈ చిట్కా ఎర్లాంగ్‌కు తట్టి ఉంటే పాపం అన్ని సమీకరణాలు రాసే శ్రమ తప్పేది.

ఇక అసలు సరుకు క్షమాపణ. పార్సిల్ పోగొట్టింది ఒకరు, బిల్లు తప్పు వేసింది ఇంకొకరు, డబ్బు వెనక్కివ్వకూడదని తీర్మానించింది పై అంతస్తులో మరొకరు. వీళ్లెవరి మొహమూ చూడని మనిషి తన పడకగదిలోంచి ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను’ అంటుంది. చింతించే అధికారం ఆమెకు పూర్తిగా ఉంది, పరిష్కరించే అధికారమే లేదు. పైగా చింతకూ గడియారం ఉంది. సగటున కాల్ ఇన్ని నిమిషాల్లో ముగించాలని లెక్క. అవతలివాడు రెండు నెలల బాధ చెప్పుకోవాలనుకుంటాడు, ఇవతల స్క్రీన్ మీద అంకె ఎర్రబడుతుంది. బాధను మధ్యలో కోయకుండా కోయాలి. ఇలా మనసును అద్దెకిచ్చే పనికి సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే భావోద్వేగ శ్రమ అని పేరు పెట్టారు. పే స్లిప్పులో మాత్రం ఆ పేరుతో గడి ఉండదు.

‘మీ మేనేజర్‌ని పిలవండి’ అని గద్దించే కస్టమర్లు ఒక్క సంగతి గమనించాలి. ఆ మేనేజర్ కూడా ఎక్కడో ఇంకో ఇంట్లో గది తలుపు గడియ వేసుకుని ఉంటాడు. చాట్‌లో ఆయన పంపే మహోపదేశం ఒకటే: ఇంకొంచెం సానుభూతి చూపించండి. ఆ సానుభూతి స్టాకు లాగౌట్ వేళకు నిండుకుంటుంది. ఇంట్లోవాళ్లకు మిగిలేది మ్యూట్ బటన్ వెనక దాచిన సరుకే.

కాల్ అయ్యాక కస్టమర్ వేసే మార్కులు. పరీక్షలో పదికి ఆరొస్తే పాసైనట్టే అనుకునే అమాయకులు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, 2003లో వచ్చిన నెట్ ప్రమోటర్ స్కోర్ పద్ధతిలో 9, 10 వేసినవాళ్లే అభిమానులు. 7, 8 వేసినవాళ్లు అటూ ఇటూ కానివాళ్లు. 6 వేసినవాడూ సున్నా వేసినవాడూ ఒకే గాటన కంపెనీని తిట్టిపోసేవాళ్లే. కంపెనీ నిబంధన నచ్చక సున్నా వేస్తే అది నిబంధన పెట్టినవాడి దాకా వెళ్తుందా? ఫోన్ ఎత్తినామె పేరు పక్కన పడుతుంది. ఎవరిది తప్పయితేనేం, అందుబాటులో ఉన్నది ఆమే కదా.

ఇన్ని సుఖాలున్న ఉద్యోగానికి నకిలీలు పుట్టకుండా ఉంటాయా? అనుభవం అక్కర్లేదు, ఇంటర్వ్యూ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు కడితే చాలు అనే ప్రకటనలు వస్తూనే ఉంటాయి. ఉద్యోగం ఇచ్చేవాడు మీ దగ్గరే డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదని ఎందరు చెప్పినా జనం కడుతూనే ఉన్నారు. నాకు ఆ నకిలీవాళ్లమీద కోపం లేదు. మర్యాద అంటే అక్కడే చూడాలి. ఫోన్ ఒక్క రింగుకే ఎత్తుతారు, హోల్డ్‌లో పెట్టరు, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోరు. అంత మంచి కస్టమర్ సర్వీస్ ఏ అసలు కంపెనీలోనూ దొరకదు, డబ్బు కట్టే నిమిషం దాకా.